వదిన తుడిచిన సీడీలు

తొంభైల చివర్లో ఆత్మకూరు బస్టాండు ఎదురుగా నాకు టేపురికార్డర్లు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. నా చేతికి తిరుగులేదని నాకు మహా పొగరు. ఎవరైనా వచ్చి "ఇది అవుతుందా అన్నా?" అని అడిగితే ఒళ్లు మండేది. కాకపోతే బోర్డు ఎందుకు కట్టుకున్నానంట! ఆ పొగరుతోనే ఒక ఆడమనిషిని పదిమందిలో తలదించుకునేలా చేశాను. ఆమె ఏ పాపమూ ఎరగదు.

ఉదయగిరిలో ఒకాయన అద్దెకారు నడిపేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన్ని అన్నా అనీ, ఆయన భార్యను వదినా అనీ పిలిచేవాణ్ణి. వదిన తమ్ముడు కువైట్ నుంచి వస్తూ, అక్కడ ఏదో పాత కారులోంచి ఊడదీసిన సీడీ ప్లేయరూ, కొన్ని పాటల సీడీలూ పట్టుకొచ్చాడు. ప్లేయరును అన్న కారులో బిగించింది నేనే. అప్పటికి మా వైపు కార్లన్నిటిలో క్యాసెట్లే. పెళ్లిళ్లకు జనం ఆ కారే కావాలని పట్టుబట్టేవాళ్లు. బిగించడమైతే బిగించాను గానీ, దాని కడుపులో ఏముందో నాకూ సరిగ్గా తెలియదు. ఆ మాట చచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

సీతారామపురం రోడ్డు దుమ్ముకు ఆరు నెలల్లోనే పాట మధ్యమధ్యలో ఎగరడం మొదలైంది. అన్న కారు తెచ్చి నా అంగడి ముందు పెట్టాడు. ప్లేయరు లోపల సీడీని చదివే అద్దం ఒకటి ఉంటుంది, కందిగింజంత. టేపు హెడ్డును తుడిచినట్టే దాన్నీ తుడిస్తే సరిపోతుందనుకున్నాను. ఆ రోజు హెడ్లు తుడిచే స్పిరిట్ అయిపోయింది. పక్కన బోర్డులు రాసేవాడి దగ్గర రంగులో కలిపే తిన్నరు అడిగి తెచ్చి, పుల్లకు దూది చుట్టి, హెడ్డు మీద మురికిని రుద్దినట్టు రుద్దిపారేశాను. సీడీ పెడితే పాడింది. ఒక్క పాట విని, "పోన్నా, ఇంక మూడేళ్లు దీని జోలికి రాబల్లేదు" అన్నాను.

నాలుగో రోజుకే వచ్చాడు. ఏ సీడీ పెట్టినా గిర్రున తిప్పి బయటికి నెట్టేస్తోందట. వెంట వదిన కూడా ఉంది, చేతిలో కూరగాయల సంచితో. నేను ప్లేయరు విప్పను కూడా లేదు. నేను చేసిన పనిలో తప్పుంటుందా, ఛ! సీడీలు తీసి వెలుతురుకు పెట్టి చూశాను. వాటి మీద సన్నటి గుండ్రటి గీతలున్నాయి.

"వీటిని ఎవరు తుడుస్తారన్నా?"

"ఇంకెవరు, మీ వదినే. పొద్దున్నే కారు కడగతా పాటలు పెట్టుకుంటాది."

"దేంతో తుడుస్తావు వదినా?"

"కొంగుతో అబ్బయా. గిన్నెలు తుడిచినట్టు."

"అదీ సంగతి! గీతలు పడి సీడీలన్నీ పోయినాయి. ప్లేయరు మాత్రం రాయిలాగా ఉండాది."

అంతే, అన్న నడిబజారని కూడా చూడలేదు. "వాటిని ముట్టుకోబాక అని నీకు ఎన్నిసార్లు చెప్పినాను! మీ తమ్ముడు తెచ్చినాడని నీ ఇష్టమా?" అని కేకలేశాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా ఇటు తిరిగారు. వదిన సంచి కింద పెట్టి తన అరచేతులు చూసుకుంది. నాకు ఆ క్షణాన జాలి కూడా కలగలేదు. నా పేరు నిలబడిందని ఊపిరి పీల్చుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

దేనికైనా మంచిదని ప్లేయరు ఊడదీసి, సీడీలతో సహా నా దగ్గర ఉంచుకున్నాను. వాళ్లు పోయాక విప్పి చూశాను. అద్దం కంట్లో పువ్వేసినట్టు తెల్లగా మారిపోయింది. అది గాజు కాదు, ప్లాస్టిక్కు. తిన్నరు తగిలితే రోజురోజుకీ మసకబారిపోతుందని నాకు తెలియదు.

ఎవరికీ చెప్పకుండా మద్రాసు బస్సెక్కి, ఆ అద్దమున్న ముక్క కొత్తది వెతికి తెచ్చి వేశాను. వదిన తుడిచిన సీడీనే పెట్టాను. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక్కచోట కూడా ఎగరలేదు. మిగతావీ అంతే. ఆ గీతలు ప్లేయరుకు ఒక లెక్కే కాదు. అన్నీ విన్నాను, కదలకుండా కూర్చుని.

చెప్పేద్దామనే అనుకున్నాను, ఒట్టు. తీరా అన్న వచ్చి "సీడీలు పోయినాయన్నావు, మళ్లీ ఎట్ట పాడతా ఉండాయి?" అనేసరికి, "లోతు గీతలన్నీ పాలిష్ పట్టి తీసినాన్నా, మూడు రోజులు పట్టింది" అన్నాను. పచ్చి అబద్ధం! తడుముకోకుండా వచ్చేసింది.

అన్న నన్ను నెత్తిన పెట్టుకున్నాడు. కారెక్కిన ప్రతివాడికీ ఇదే కథ, పెళ్లాం పాడుచేస్తే ఆత్మకూరు తమ్ముడు బతికించాడని. సీడీలు రేకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. పొద్దున్నే కారు కడగడం మాత్రం వదిన పనే. పాటలు లేవు.

రెండు నెలలకు వదిన ఒక్కతే బస్సు దిగి వచ్చింది. వాళ్ల నాయన చెక్కిన కొయ్య గరిటెలు అరడజను, కాగితంలో చుట్టినవి నా బల్ల మీద పెట్టింది.

"నావల్ల నీకెంత శ్రమ అబ్బయా" అంది. తర్వాత కొంగుముడి విప్పినంత జాగ్రత్తగా సంచిలోంచి ఒక సీడీ తీసింది. "మీ అన్నను బతిమాలి తెచ్చినాను. ఎట్ట తుడవాలో నాకు చూపించు. ఈసారి పాడుచెయ్యను."

నేను చూపించాను. మెత్తటి గుడ్డతో, మధ్యలోంచి అంచుకు, తిన్నగా, చుట్టూ తిప్పకూడదు. ఆమె ఊపిరి బిగబట్టి, పసిబిడ్డ మొహం తుడిచినట్టు తుడిచింది. ఒకసారి కాదు, పదిసార్లు.

"ఇట్టనేనా?"

"ఇట్టనే వదినా."

సీడీని వెలుతురుకు పెట్టి, "చూడు, కొత్తగా ఒక్క గీతన్నా పడిందా?" అంది.

"లేదు వదినా."

"ఆ మాట మీ అన్నకి చెప్పు. నేను చెబితే నమ్మడు. నువ్వు చెబితే నమ్ముతాడు."

అక్కడే చెప్పాల్సింది. ఆమె బస్సెక్కేదాకా ఆ గరిటెల కట్ట వంక చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి వారం అన్న వచ్చాడు. "వదిన బాగా నేర్చుకున్నాదన్నా. ఇంక పాడుచెయ్యదు, ఆ తాళం తీసెయ్" అన్నాను. ఎదురు ప్రశ్న వెయ్యలేదు. "నువ్వు చెప్పినావంటే ఇంకేంది!" అని నవ్వి, తాళాల గుత్తిలోంచి రేకుపెట్టె తాళంచెవి విడదీసి, ఆమెకివ్వడానికి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆమె ఎప్పుడూ ఏదీ పాడుచెయ్యలేదని నేను అంటే, అదీ నమ్మేవాడు.