తెల్లరంగు వేసిన నాపరాయి మిట్ట

2022 అక్టోబరు. ప్రొద్దుటూరులో ఒక అద్దెగదే మా ప్రాజెక్టు ఆఫీసు. షర్బత్‌లో, నాటుమందుల్లో వాడే సుగంధిపాల ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఎక్కడెక్కడ పెరగగలదో మ్యాప్ తయారు చేయడం మా పని. మ్యాప్ గీసేది నేను. మొక్క కనిపించిన చోట్ల జీపీఎస్ రీడింగులు తీసుకుని, వాటికి నేల, వాలు, వాన, ఎండ వివరాలు కలిపి కంప్యూటర్‌కు ఇస్తే, అలాంటి నేల ఇంకా ఎక్కడుందో అది లెక్కగట్టి పచ్చరంగులో చూపిస్తుంది. దీన్ని మోడల్ అంటాం. లెక్కకు ముందే చెరువులను, ఊళ్లను, బండరాయిని పక్కన పెట్టేస్తాం. అది మాస్క్. మాస్క్ వేసిన చోట మ్యాప్ తెల్లగా ఉంటుంది.

పులివెందుల వైపు మంచి పచ్చరంగు వచ్చింది. చివరి తనిఖీకి జమ్మలమడుగు దగ్గర ఒక నాపరాయి మిట్ట పక్కకు వెళ్లాను. అక్కడ ఓబులమ్మ కనబడింది. అరవై దాటి ఉంటాయి. చేతిలో గునపం, భుజాన గోనెసంచి. నా ట్యాబ్‌లోకి తొంగి చూసింది.

“మా మిట్ట యాడుంది నాయనా దీంట్లో?”

చూపించాను.

“తెల్లగా ఉండాదే, ఏంది?”

“అక్కడ సుగంధిపాల పెరగదవ్వా.”

ఆమె సంచి విప్పి నా ముందర కుమ్మరించింది. వేర్ల వాసన గుప్పుమంది.

“పెరగదా? మరి ఇవి మీ ఆఫీసులో మొలిచినాయా? నీ మిషను ఎప్పుడన్నా ఈడికి ఎక్కిందా?”

ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు. శాటిలైట్ బొమ్మలో రాయి కనబడగానే మాస్క్ వేసింది నేనే. ఆమె వెనకే ఎక్కాను. నాపరాళ్ల సందుల్లో, తడి నిలిచిన మట్టిలో, ఆకు నడుమ తెల్లచారతో తీగలు పాకి ఉన్నాయి.

“రాయి తీసేటోళ్లు లీజు అడుగుతాండారు. ఈడ ఏమీ లేదని మీ కాయితం చెప్తే, ఇంగ నేను యాడ తవ్వుకోవాల?” అంది.

మా మ్యాప్ లీజులు చూసే ఆఫీసుకూ వెళ్తుందని నాకు తెలుసు. ఆ రోజే మిట్ట మీద ముప్పయ్యెనిమిది రీడింగులు తీసుకున్నాను.

మా ప్రాజెక్టు సారు వాటిని చూడనైనా చూడలేదు.

“రిపోర్టు రేపు పోవాల. ఒక్క మిట్ట కోసం మళ్లీ మొదటికొస్తావా?”

“మూడు కారణాలు సార్. ఒకటి, మొక్క అక్కడ ఉంది. రెండు, మోడల్ కాదనలేదు, మనం దాన్ని అడగనే లేదు. మూడు, తెల్లరంగు పక్కన ‘పనికిరాని నేల’ అని రాసింది నేను. తప్పు నాది, దిద్దేదీ నేనే.”

“శానా మాట్లాడతాండావు. ఇంకొకరితో చేయించుకుంటాలే.”

“చేయించుకోండి సార్. తెల్లరంగుతో పోయే మ్యాప్ మీద నా పేరు మాత్రం ఉండదు. ఎందుకు లేదని ఎవరన్నా అడిగితే ఈ రీడింగులు చూపిస్తా.”

ఆయన కుర్చీ వెనక్కి తోసి, బయటికెళ్లి టీ తాగొచ్చాడు. “రెండు దినాలు. అంతే,” అన్నాడు.

ఆ రెండు రోజుల్లో రాతినేల మాస్క్ తీసి, కొత్త రీడింగులు కలిపి మోడల్ మళ్లీ నడిపాను. మిట్ట పచ్చబడింది. మేము ఎక్కని మిగతా రాతినేలలకు గళ్లు గీసి ‘చూడలేదు’ అని రాశాను. తర్వాతి ప్రాజెక్టుకు సారు నన్ను పిలవలేదు. పిలవకపోతే పోనీ.

లీజు సంగతి ఇంకా తేలలేదు. ఓబులమ్మ అక్కడే తవ్వుకుంటోంది. ఆ మిట్ట మీద ఏమీ లేదని మా మ్యాప్ చూపించి ఎవరూ అనలేరు. చూడని చోట లేదని రాయకూడదని ఆ పనిలో నేర్చుకున్నాను. గడువు తరుముతోంది, ఆ గళ్లు తీసేయమని ఎవరైనా అంటే, ముందు మిట్టెక్కి రమ్మంటాను.