జొన్నగింజల మొక్కు

నా భార్య ఊపిరితిత్తుల బొమ్మను డాక్టరు కంప్యూటర్ మీద చూపించినప్పుడు నాకు మొదట తోచింది దాని అందం. తేనెపట్టులా ఉంది. గదికీ గదికీ మధ్య గోడలు గట్టిపడి తెల్లగా కనిపిస్తున్నాయి. నేను ఏడో తరగతితో బడి మానేసి లారీ నడిపినవాణ్ణి. ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంటర్ పుస్తకాలు కొని, లోడు దిగేదాకా క్యాబిన్లో కూర్చుని జీవశాస్త్రం చదువుకున్నాను. కాబట్టి డాక్టరు నోరు విప్పకముందే సంగతి కొంత అర్థమైంది. అర్థమైనా ఏమీ అనిపించలేదు. ఆ ఏమీ అనిపించకపోవడం ఆ రోజే మొదలైంది. కోపం తప్ప లోపల ఇంకేదీ పనిచేయడం మానేసింది.

"ఇంట్లో పావురాలేమైనా పెంచుతున్నారామ్మా?" అని అడిగాడు డాక్టరు.

"పెంచుత లేం సార్. గింజలేస్త, అంతే," అంది నా భార్య. ఆ మాత్రం మాటకే ఆమెకు ఆయాసం వచ్చింది. "మనవరాలు పుట్టినప్పటి సంది ఏస్తున్న."

"వాటి రెట్ట ఎండి పొడి అవుతుంది. ఆ దుమ్ము పీల్చీ పీల్చీ మీ ఊపిరితిత్తులు బిగుసుకుపోయాయి. వెంటనే ఆపేయండి. బాల్కనీకి నెట్ కట్టించండి. మందులు రాస్తాను. ఆ పైన దేవుడి దయ."

నాకు ఒళ్లు మండింది. అంతసేపూ చక్కగా సైన్సు చెప్పినవాడు చివర్లో దేవుణ్ణి ఎందుకు తెచ్చినట్టు? మందు పనిచేస్తే పేరు ఈయనకు, చేయకపోతే నింద ఆయనకు. ఇంత చదువూ చదివింది ఇందుకా?

తెల్లాపూర్‌లో మేం ఉండే ఫ్లాటు మా కూతురిది. ఆమే అల్లుడూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ వాళ్లకు పిల్ల పుట్టలేదు. అదీ సూదుల మీద సూదులు పొడిపించుకుంటే, అండాన్ని బయటకు తీసి గాజుపళ్లెంలో కలిపి మళ్లీ కడుపులో పెడితే పుట్టింది. పిల్ల పుట్టాక, ఒక కణం రెండవడం, రెండు నాలుగవడం నేనే కాగితం మీద గీసి నా భార్యకు చూపించాను. ఆమె శ్రద్ధగా చూసింది. చూసి, జొన్నల డబ్బా పట్టుకుని బాల్కనీలోకి వెళ్లింది. పిల్ల నిలిస్తే బతికినన్నాళ్లూ పక్షులకు గింజలేస్తానని మొక్కుకుందట.

"సూదేసింది డాక్టరు. పావురం గాదు," అన్నాను.

"గా సూది అందరికి ఏస్తడు గదా. మరి అందరికి పుడుతున్నరా?"

దానికి పుస్తకాల్లో జవాబు ఉంది. కొన్ని నిలుస్తాయి, కొన్ని నిలవవు. చెప్పి చూశాను. చెబుతుంటే నాకే అది జవాబులా వినిపించలేదు.

నేను లారీ తోలిన రోజుల్లో ఇటువైపంతా గుట్టలు. వాటిని పేల్చితే వచ్చిన కంకర మోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పావురం రాతి సందుల్లో గూడు పెట్టే పక్షి. మనం గుట్టలు పగలగొట్టి, వాటికంటే ఎత్తుగా ఇళ్లు కట్టాం. ఏసీ డబ్బా వెనక సందు దానికి రాతి సందులాగే ఉంటుంది. అందుకే అది వచ్చింది. కాకికి చెట్టు కావాలి. అందుకే అది పోయింది. ఇందులో పాపమూ పుణ్యమూ లేవు.

డాక్టరు చెప్పిన వారంలోనే కూతురు నెట్ కట్టించింది. పొద్దున్నే పావురాలు వచ్చి దానికి కొట్టుకునేవి. నా భార్య లోపల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూసేది.

"నోటికాడి బువ్వ గుంజుకున్నట్టున్నది బిడ్డా," అంది ఒకసారి.

"నువ్వు బతకాలె గదమ్మా. ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది. దానికి గూడ ఊకె దగ్గొస్తున్నది."

ఆ తర్వాత వాళ్లిద్దరూ ఆ మాట ఎత్తలేదు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కొన్ని నెలలు గడిచాయి. వానాకాలంలో నా భార్య పోయింది. నెట్ కట్టించడం ఆలస్యమైందే గానీ తప్పు కాదు. ఆ మాట కూతురికి చాలాసార్లు చెప్పాను. ఆమె తలాడించేది. నమ్మినట్టు మాత్రం కనిపించేది కాదు.

మా వైపు మూడో రోజున పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి దహనం చేసిన చోట పెడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ల కోరిక ఏదో మిగిలిపోయినట్టు. అదేమిటో తెలిసినవాళ్లు ముందుకొచ్చి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. అప్పటిదాకా ఇంటివాళ్లెవరూ ముద్ద ముట్టరు.

వైకుంఠధామం శ్మశానం వెనక ఒక బండ మీద అన్నం, తలకాయ కూర, మక్క గారెలు, కాస్త కల్లు పెట్టారు. విస్తరాకులు దొరకలేదని వెండిరంగు పేపర్ ప్లేట్లు తెచ్చారు. ఎండకు అవి అద్దాల్లా మెరుస్తున్నాయి. చుట్టూ బంధువులు. రాలేనివాళ్లకు వీడియో కాల్‌లో చూపిస్తూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. దూరంగా క్రేన్ కొమ్ము మీద రెండు మూడు కాకులు కూర్చుని ఇటే చూస్తున్నాయి. ఒక్కటీ కదల్లేదు.

"ఈడ కాకులకు గూడ వర్క్ ఫ్రం హోమేనా ఏంది?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"కల్లు పల్చగున్నదేమో చూడుండ్రి. ఆమెకు నచ్చకపాయె," అంది ఒక ముసలామె. కొందరు నవ్వారు.

నా భార్య అన్న, మా బావ, నవ్వలేదు. ఊరి నుంచి పొద్దున్నే వచ్చిన మనిషి. తువ్వాలుతో ముఖం తుడుచుకుని నా పక్కకు వచ్చాడు. "చెల్లె మనసుల ఏదో ఉన్నది బావా. ముడుతలేదు."

కాకి కొత్త వస్తువును నమ్మదు. మెరిసేదాన్నీ, గుంపునూ అసలే నమ్మదు. నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నిలబడి చూస్తున్నాను. ఎవరిదో కర్మకు వచ్చినట్టుంది.

అంతలో కూతురు ముందుకు వెళ్లింది. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు. బండ ముందు చేతులు జోడించింది.

"అమ్మా, నీ మొక్కు నేనే ఆపిన. ఆ నెట్..."

తర్వాతి మాట నాకు తెలిసిపోయింది. తీయించేస్తానంటుంది. అక్కడ అన్న మాటను మా వాళ్లెవరూ, ఎంత పెద్ద ఉద్యోగం చేసేవాళ్లయినా, వెనక్కి తీసుకోరు. నెట్ పోతుంది, పావురాలొస్తాయి, ఆ దుమ్ములో పిల్ల ఆడుకుంటుంది. డాక్టరు చూపించిన తేనెపట్టు కళ్ల ముందుకొచ్చింది.

"ఆగు బిడ్డా," అని నేనూ ముందుకు వెళ్లాను. చచ్చినవాళ్లతో నేనెప్పుడూ మాట్లాడి ఎరగను. మెదడు ఆగాక చెవి వినదు. అయినా బండ వైపు తిరిగాను. "ఇగో, ఇను. నీ పావురాలకు గింజలు నేనేస్త. దినాం ఏస్త. ఇంట్ల గాదు, బయట. నెట్ మాత్రం ముట్టేది లేదు."

బావ నోరు తెరిచాడు. "బావా, నువ్వేనా అనేది?"

"నేనే. ఇగ అందరు ఆ గోడ ఎన్కకు జరుగుండ్రి. ఫోన్లు జేబుల పెట్టుండ్రి. ప్లేట్లు తీసి బువ్వ బండ మీద పెట్టుండ్రి."

ఎందుకని ఎవరూ అడగలేదు. నాకు భక్తి ముదిరిందనుకున్నట్టున్నారు. గోడ వెనక నిలబడ్డాం. కాసేపటికి ఒక కాకి దిగింది. పక్కపక్కకు గెంతుతూ వచ్చి గారె ముక్క ఎత్తుకుపోయింది. వెనకే ఇంకొకటి వచ్చింది.

"చెల్లె ఒప్పుకున్నది! చూసినవా బావా, నీ నోటిమాట కోసమే ఆగింది!" అని బావ నన్ను పట్టుకుని ఏడ్చాడు.

ప్లేట్ల సంగతి చెబుదామని నోరు తెరిచాను. అప్పుడే కూతురు కనిపించింది. గోడకు ఆనుకుని కింద కూర్చుని, స్టీలు డబ్బాలోంచి గారెలు తింటోంది. ఒకటి నమలకముందే ఇంకొకటి తీసుకుంటోంది. నోరు మూసుకున్నాను. ఇప్పటికీ మా బంధువుల్లో ఎక్కడ విన్నా కాకి నా మాటకే దిగిందంటారు. మెరిసే ప్లేట్లు తీయించిన సంగతి ఒక్కడూ చెప్పడు. అది నాకు ఇప్పటికీ మంటే.

నెట్ అలాగే ఉంది. రోజూ పొద్దున్న మూతికి మాస్కు కట్టుకుని, జొన్నల సంచి పట్టుకుని, ఇళ్లకు దూరంగా ఉన్న ఒక ఖాళీ జాగాకు వెళతాను. ఇంటికొచ్చి బట్టలు మార్చి స్నానం చేస్తే గానీ మనవరాలిని దగ్గరకు రానివ్వను. గింజలు వేస్తుంటే అమ్మ గుర్తొస్తుందా అని కూతురు ఒకసారి అడిగింది. నిజమే చెప్పాను. రాదు. చేయి తిరుగుతుంది, గింజలు పడతాయి, అంతే. నేను వేయకపోయినా ఇవి బతుకుతాయని నాకు తెలుసు. వేస్తే ఇంకా పెరుగుతాయనీ తెలుసు.

మొన్న వాకింగ్‌కు వచ్చిన ఒకాయన ఆగి, నాకు దండం పెట్టాడు. కోస్తా మాట.

"ఎంత పుణ్యమండీ! రోజూ చూస్తున్నాను మిమ్మల్ని."

"జర దూరం నిలబడుండ్రి," అన్నాను. "వీటి రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మనుషులు చచ్చిపోతరు."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. నా మాస్కు వైపు, సంచి వైపు చూశాడు.

"మరి మీరెందుకు వేస్తున్నారండీ?"

సంచిలో మిగిలిన గింజలు కింద దులిపి, స్నానానికి పొద్దుపోతోందని ఇంటి దారి పట్టాను.