తొంభై ఒక్క ఒకట్లు

నేను డిగ్రీ పాసైన. గీ ముచ్చట ఎవరు కనవడ్డా చెప్తున్న, చెప్పినోళ్లకే మళ్ల చెప్తున్న. మా ఇంట్ల ఇంతకుముందు ఎవరూ కాలేజీ గడప తొక్కలే. అయితే నా పట్టా ఒక నెంబర్ కాడ ఆగిపోతుండె. గా సంగతి చెప్పాలె.

వికారాబాద్ కాలేజీల నాది లెక్కల గ్రూపు. ఆఖరి సెమిస్టర్‌ల సార్ ఒక్కొక్కరికి ఒక పెద్ద నెంబర్ ఇచ్చిండు. నాకొచ్చింది, ఒకటి అంకెను తొంభై ఒక్కసార్లు వరుసగ రాస్తే వచ్చే నెంబర్. నోట్‌బుక్కుల రెండు లైన్లు దాటింది.

"ఇది దేనితోని శేషం లేకుంట భాగం పోతదో సోమవారం చూపియ్యి. చూపిస్తేనే ప్రాజెక్టు మీద సంతకం" అన్నడు. సంతకం లేకుంటే పట్టా లేదు.

సార్ ఒక కిటుకు గూడ చెప్పిండు. గా ఒకట్లను సమానంగ ముక్కలు చేయొస్తే చాలు, ముక్కతోని మొత్తం నెంబర్ పోతది. ఆరు ఒకట్లుంటే 11, 11, 11 అని మూడు ముక్కలైతయ్. అందుకే 111111 పదకొండుతోని పోతది. మంచిగనే సమజైంది. కాని తొంభై ఒకటి నాకు ఏ ఎక్కంలనూ కనవడలే. మా బళ్లె పన్నెండో ఎక్కం దాకనే నేర్పిండ్రు మరి. ఇగ అది ముక్కలే కాదనుకొని, ఒక్కొక్క ప్రధాన సంఖ్యతోని భాగించుడు మొదలువెట్టిన. మూడు, ఏడు, పదకొండు, పదమూడు... నలభై ఏడు దాక పోయిన. ప్రతిసారి ఎంతోకొంత మిగులుడే. ఆదివారం వచ్చింది, చెయ్యి నొచ్చింది.

తాండూరుల మా నాయిన ఇండ్లకు బండలు పరుస్తడు. ఆ పొద్దు చాయ్ తాక్కుంట నా మొకం చూసిండు.

"ఏందే బిడ్డా, గట్ల పరేషాన్ ఉన్నవ్?"

"తొంభై ఒకటి ముక్కలు కాదు నాయినా."

"ఎవడన్నడు?"

"ఎక్కంల లేదు."

"ఎక్కాలు నాకేమెర్క. మొన్న బంట్వారంల ఒక వరండకు తొంభై ఒక్క బండనే పట్టింది. అడ్డం ఏడు, నిలువు పదమూడు. ఒక్కటి కొయ్యలే, ఒక్కటి మిగల్లే. మీ సారును తోల్కరా, చూపిస్త."

చాయ్ పక్కకు వెట్టి వేళ్ల మీద లెక్క వెట్టిన. ఏడు పదమూళ్లు తొంభై ఒకటే! ఏడేసి ఒకట్ల ముక్కలు పదమూడు. అంటే 1111111తోని పోతది. పదమూడేసి చేస్తే ముక్కలు ఏడు. దానితోని గూడ పోతది. రెండు దినాల సంది నేను కొట్టుకుంటున్నది, మా నాయిన మోకాళ్ల మీద కూసోని పరిచి వచ్చిండు.

"డిగ్రీ నీకే ఇయ్యాలె నాయినా."

"నాకెందుకే? సిమెంట్ అంటుకుంటది దానికి."

సోమవారం బోర్డు మీద అడ్డం ఏడు, నిలువు పదమూడు గడులు గీసి చూపించిన. సార్ దగ్గరికొచ్చి గడులు లెక్కవెట్టిండు.

"గీ బొమ్మ ఎవరు చెప్పిండ్రు?"

"మా నాయిన, సార్. వరండ పరిచిండు."

క్లాసంత నవ్విండ్రు. సార్ నవ్వలే. "నువ్వు ఎన్నిటి దాక భాగించినవ్?"

"నలభై ఏడు దాక, సార్."

"అయ్యో! దాని తర్వాత ప్రధాన సంఖ్య యాభై మూడే. గది పోతది. ఒక్క అడుగు ముంగల ఆగిపోయినవ్." గట్లనుకుంటనే సంతకం వెట్టిండు.

తాండూరు బస్సుల కూసున్నంక నాకు ఆగలే. పదమూడు ఒకట్ల ముక్క యాభై మూడుతోని పోతే మొత్తం నెంబర్ పోయినట్టే గదా. టికెట్ వెనక పదమూడు ఒకట్లు రాసి యాభై మూడుతోని భాగించిన. శేషం సున్న.

"పోయింది!" అని గట్టిగ అన్న.

పక్క సీట్ల పెద్దమ్మ ఉలిక్కిపడ్డది. "ఏం పోయిందే బిడ్డా? పైసలా?" అనుకుంట కిందికి వంగి సీటు కింద దేవులాడవట్టింది.

"ఏం పోలే పెద్దమ్మా. దొరికింది, దొరికింది."

"దొరికిందా? అయితే సంచిల వెట్టుకో. గట్ల చేతుల పట్టుకుంటే మళ్ల పోతది."