అద్దాల పెట్టె కింద పాత మన్ను

ఈ ఏటి జాతరకు నెల ముందు మా చిన్నాన్న కొడుకు, వరసకు తమ్ముడు, ఫోనులో ఒక ఫొటో పంపాడు. ఫైబరుతో చేయించిన గంగమ్మ ముఖం, పసుపు రంగులో నిగనిగలాడుతోంది, కళ్లు మాత్రం అచ్చం మా నాయన దిద్దిన కళ్లే. పుంగనూరు పక్కనున్న మా ఊళ్లో జాతర ఆనవాయితీ చెదిరిపోకుండా కాపాడాలని కుర్రవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు, మదనపల్లె పక్కన అంగళ్లులో ఉద్యోగం చేసుకునే వీడే దానికి పెద్ద. నాయన తరువాత ముఖం చేసిన చిన్నాన్న కూడా నిరుడు పోయాడు, ఇక చేసేవాళ్లు లేరు. వీడు మదనపల్లెకు వచ్చి నాయన చేసిన ముఖం పాత ఫొటో ఉందా అని అడిగితే, బీరువా అడుగున దాచుకున్నది తీసి సంబరంగా చేతిలో పెట్టినదాన్ని నేనే. ఇకమీదట ఏటేటా చేయనక్కరలేదు, చెరపనక్కరలేదు, అద్దాల పెట్టెలో పదికాలాలు ఉంటుందన్నాడు. ఎంత మంచి పని అనుకున్నాను.

మా నాయన కుండలు చేసేవాడు. జాతరకు అమ్మవారి ముఖం చేయడం మా ఇంటి వంతు. ఒట్టి చెరువు మన్నుతో ఆయన ముఖం చేసేవాడు కాదు. జాతర ఆఖరి రోజున ముఖాన్ని విడదీసి ఊరందరికీ పిడికెడేసి మన్ను పంచేవారు, దాన్ని విత్తనాల కుండలో పెట్టుకుంటే పురుగు పట్టదని నమ్మకం. మరుసటి ఏడు జాతర దగ్గరపడగానే ఎవరి ముద్ద వాళ్లు తెచ్చి మా అరుగు మీద పెట్టి పోయేవారు. వాటిని నానబెట్టి కొత్త మన్నులో కలిపి తొక్కాలి, ఆ తొక్కడం నా పని. పావడా ఎగదోపుకొని మోకాళ్లదాకా మన్నులో నిలబడడం కన్నా గౌరవంగా బడి ఎగ్గొట్టే సాకు మా ఊళ్లో ఇంకొకటి ఉండేది కాదు. ముఖం దిద్దేటప్పుడు కూడా నాయన నన్ను పిలిచేవాడు, చూసి నేర్చుకోమని. అప్పటికే నేను కాళ్లు కడుక్కొని కథల పుస్తకం ముందేసుకునేదాన్ని.

ఒక ఏడు కళ్లు మరీ బాగా కుదిరాయి. మనం ఏ పక్కకు పోతే ఆ పక్కకే చూస్తున్నట్టుండేవి. ఆఖరి రోజు నాయనే వాటిని వేళ్లతో చెరిపేస్తుంటే చూడలేక, ఇంటికి పరుగెత్తి అన్నం కూడా ముట్టకుండా ఏడ్చాను. సాయంత్రం ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

“యాల ఏడస్తాండావు మా? చెరపకుంటే పైయేటికి జనం ఏం తెచ్చిస్తారు, నేను దేంతో చేసేది?”

నాకది తలకెక్కలేదు. ఆ ముఖం అట్లాగే ఉండిపోవాలి, అంతే. 

ఆ కోరిక ఇన్నేళ్లకు తీరింది. జాతర ఆఖరి రోజు ముస్తాబై, నాయన పేరు చెప్పి నాకు కప్పిన శాలువాతో ముందు వరుసలో కూర్చున్నాను. పూజ అయిపోయింది, పలకల మోత ఆగిపోయింది, మన్ను పంచే వేళ కదా, జనం మాత్రం కదలలేదు. సదుం నుంచి బస్సులో వచ్చిన మా మేనత్త, నాయన చెల్లెలు, కొంగుముడి విప్పి, ఈసారి అడిగేవాళ్లు లేక ఉండిపోయిన నిరుటి మన్ను ముద్ద చేతిలో పెట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

“దీన్ని యాడ పెట్టేది మా?”

నేను శాలువా సర్దుకున్నాను. ఆమె వంగి, దాన్ని అద్దాల పెట్టె కింద పెట్టి దండం పెట్టుకుంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. మధ్యాహ్నానికి అక్కడ మోకాలెత్తు కుప్ప పడింది. ఫైబరు ముఖం చేయించిన మా తమ్ముడు వచ్చి దాని ముందు నిలబడ్డాడు. వాడిని చూస్తే జాలేసింది, వాడు చేసిందీ ప్రేమతోనే. “ఏం జేద్దామక్కా దీన్ని?” అన్నాడు. శాలువా తీసి వాడికిచ్చి, రెండు గోనెసంచులు తెమ్మన్నాను.

ఇప్పుడా మన్ను మదనపల్లెలో మా మిద్దె మీద తొట్టిలో నానుతోంది. ఎండిపోకుండా రోజూ పొద్దున నీళ్లు చల్లుతున్నాను. ఆదివారాల్లో తమ్ముడు వచ్చి తొక్కుతాడు, మోకాళ్ల నొప్పులతో నేను పక్కన కుర్చీ వేసుకొని అజమాయిషీ చేస్తాను. మా కాలంలో ముఖం చెరిగిపోతే నాలాంటి పిల్లలు తప్ప ఎవరూ బెంగపడేవారు కాదు, మళ్లీ దిద్దే చేతులు ఇంట్లోనే ఉండేవి. మొన్న మన్ను వెన్నలా అయ్యిందని చూపించి, ఇప్పుడు కళ్లెట్లా దిద్దాలక్కా అని అడిగాడు. నాయన పిలిచినప్పుడు నేను వెళ్లలేదని వాడికి చెప్పాను.