లో టైడ్ సిమెంటు, హై టైడ్ ఇసుక

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఫిజీలో మా ఈడు కుర్రాళ్లందరికీ దేశాన్ని మేమే కట్టి నిలబెట్టాలన్న ఆత్రం ఉండేది. నేను నటబువాలో మా అక్క కొత్త వంటింటి గోడతో మొదలుపెట్టాను. దానికి ఏ పూత పూసినా బీటలు వారుతోంది. "మా తమ్ముడు సూవాలో చదివాడు, పాళ్లు వాడే తేలుస్తాడు" అని అక్క వాళ్ల అత్తగారి ముందు అనేసింది. గృహప్రవేశం దగ్గరపడింది. గోడ పగిలితే అక్క మాట పోతుంది. నాకైతే బెంగ లేదు (అప్పట్లో నాకు తెలియనిది లేదు మరి). సిమెంటు, సున్నం, ఇసుక కలిపితే మొత్తం ఎప్పుడూ ఒకటే. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గాల్సిందే. త్రికోణం గీసి, మూలకొకటి రాసుకుని, అందులో కొన్ని పాళ్లు ఎంచి, పెరటి గోడ మీద అతుకులుగా పూసి చూస్తే, పూయని పాళ్ల సంగతీ లెక్కగట్టొచ్చు.

కొలతకు బావ కొబ్బరిచిప్ప ఇచ్చాడు. సాయానికి పక్కింటి ఫిజియన్ మేస్త్రి వచ్చాడు. అతన్ని మేం 'తవాలే' అనేవాళ్లం, అంటే వాళ్ల భాషలో బావే. అక్కడ యంగోనా అనే మత్తు వేరు కలిపిన నీళ్లు తాగేచోట నిండు చిప్పను హై టైడ్, సగం చిప్పను లో టైడ్ అంటారు. నేనూ వాళ్లలో కలిసిపోదామని "సిమెంటు లో టైడ్, ఇసుక హై టైడ్" అంటూ పని మొదలుపెట్టాను. మధ్యాహ్నం వాళ్లిద్దరూ యంగోనా గిన్నె తెచ్చి పక్కనే పెట్టుకున్నారు. నేను గోడవైపు తిరిగి తాపీ ఆడిస్తూ "హై టైడ్!" అని చెయ్యి చాపాను. చేతిలోకి నిండు చిప్ప వచ్చింది, ఇసుకది కాదు.

"పీఓ బామ్మర్ది! అడిగి వద్దంటే తవాలేకి బాధ," అన్నాడు బావ.

తాగాను. ఇసుక అడిగినప్పుడల్లా తాగాను. నాలుక మొద్దుబారి, "సున్నం" అన్నది నాకే వినబడలేదు. బావ "కొంచీ?" అన్నాడు. ఫిజీ హిందీలో అది "ఏమిటి?" అని. నాకది "కొంచెమా?" అని వినబడి తల ఊపాను. నా ఊపుకి వాళ్లకు తోచిందేదో వేశారు.

ఆరాక చూస్తే ఒక్క అతుకు తప్ప అన్నీ పగిలాయి. అక్క అత్తగారు దాన్ని నిమిరి, "ఇదే మంచిగుంది. ఏది ఎంతెంత వేసినావ్ బేటా?" అన్నారు. ఆ కొలత మా ముగ్గురిలో ఎవరికీ గుర్తులేదు.

"అది వాడి సీక్రెట్, అత్తా," అంది అక్క.

వంటింటి గోడకు తోచిన పాళ్లే పూశాం. గృహప్రవేశం నాటికి బీట రానే వచ్చింది. అక్క దాని మీద దేవుడి క్యాలెండర్ వేలాడదీసింది. అత్తగారు పోయి చాలా కాలమైంది, అయినా ఏటా కొత్త క్యాలెండర్ ఆ మేకుకే ఎక్కుతుంది.

"ఇంకా ఎవరికోసం అక్కా?" అన్నాను మొన్న.

"నీ పరువు కోసం రా, పిచ్చోడా," అంది.

నాకు నవ్వూ వచ్చింది, కళ్లూ తడిశాయి. పెరట్లో బావ యంగోనా గిన్నెలో చిప్ప ముంచుతూ, ఎంత అన్నట్టు నావైపు చూశాడు.

"లో టైడ్," అన్నాను.