డ్రయ్యర్ మీద పడ్డ నింద

బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషికి ఇంట్లో కుర్చీ ముళ్లకంపలా ఉంటుంది. వీధంతా డ్రైవరుగారని పిలిచే ఆయన ఆ బాధ పడలేక ఒక పాత మోటార్‌హోమ్ కొన్నారు. రెండు మంచాలు, ఒక పొయ్యి, చిన్న సింకు. చక్రాల మీద ఇల్లన్నమాట. భార్య దాని కిటికీలకు కర్టెన్లు కుట్టింది. ఇక బయల్దేరడమే తరువాయి.

ఒకరోజు గాలి ట్యాంకు అడుగున మర తిప్పితే బొళబొళమని మురికినీళ్లు కారాయి. అది గాలితో పనిచేసే బ్రేకుల బండి. గాలిలో తేమను పట్టేసి బయటికి నెట్టే పని ఎయిర్ డ్రయ్యర్‌ది. దాని పని అయిపోయిందన్నమాట.

"వర్క్‌షాపులో ఇచ్చేద్దాం మామయ్యా" అన్నాడు అల్లుడు. స్కూల్లో లెక్కలు చెప్పుకునే నెమ్మదస్తుడు.

"బస్సు కిందే సగం జీవితం గడిచింది నాకు. ఆ డబ్బా మార్చడానికి ఇంకొకడెందుకు? నువ్వెళ్లి కొత్తది పట్రా, చాలు."

అల్లుడు తెచ్చాడు. డ్రైవరుగారు చక్రాలకు అడ్డాలు పెట్టి, ట్యాంకుల్లో గాలంతా వదిలేసి, పాత డబ్బా విప్పి కొత్తది బిగించారు. అక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది. ఇంజన్ వేస్తే గాలి మీటరు ముల్లు సగం దాకా ఎక్కి మొండికేసింది. కింద ఎక్కడో పాములా బుస.

"సబ్బునీళ్లు పూసి చూద్దామా మామయ్యా? బుడగలొచ్చిన చోట..."

"నాకు నేర్పుతున్నావా?" డ్రైవరుగారి గొంతు గేటు దాటింది. పక్కింటివాళ్లు పిట్టగోడ మీంచి తొంగిచూశారు. "నీకు నకిలీ సరుకు అంటగట్టాడు ఆ కొట్టువాడు! చూసి తీసుకోవడం కూడా రాదా? నీలాంటివాడికిచ్చి నా కూతురి గొంతు కోశాను!"

ఆఖరి మాట ఎందుకొచ్చిందో ఆయనకే తెలియదు. వరండాలో కూతురు ముఖం తిప్పుకుంది. అల్లుడు ఎర్రబడ్డ చెవులతో, విప్పిన కొత్త డ్రయ్యర్ సంచిలో వేసుకుని కొట్టుకు వెళ్లాడు. వేరేది తీసుకుని తిరిగొచ్చాడు.

డ్రైవరుగారు మళ్లీ బండి కింద దూరారు. బిగించబోయే ముందు, డబ్బా కూర్చునే చోటును గుడ్డతో తుడుస్తుంటే వేలి గోటికి ఏదో తగిలింది. జిడ్డులో కలిసిపోయి, ఇనుముకి అతుక్కుని ఉంది పాత డ్రయ్యర్ రబ్బరు రింగు. దాన్ని తీయకుండానే ఆయన ఇందాక కొత్త రింగును దాని మీద కూర్చోబెట్టారు. రెండూ ఒకదాని మీద ఒకటి జారి, గాలికి దారిచ్చాయి.

నేల తనను మింగేస్తే బాగుండుననిపించింది ఆయనకు. బండి చుట్టూ గుమిగూడినవాళ్ల కాళ్లు కనిపిస్తున్నాయి. అల్లుడి చెప్పులూ ఉన్నాయి. ఆయన రింగు పీకి చప్పున జేబులో కుక్కుకున్నారు.

ఈసారి ముల్లు నిండుగా ఎక్కింది. తేమను బయటికి నెట్టేస్తూ డ్రయ్యర్ "ఫుస్స్"మని తుమ్మింది.

"చూశారా మామయ్యా, ఇది అసలుది" అన్నాడు అల్లుడు, నేరం తనదే అన్నట్టు. డ్రైవరుగారు "ఊఁ" అన్నారు. అంత చిన్న అబద్ధం అంత బరువుంటుందని ఆయన అనుకోలేదు.

భోజనాల దగ్గర అల్లుడు ఆయన గ్లాసులో నీళ్లు పోశాడు. అది చూసి ఇక ఉండలేక జేబులోంచి రింగు తీసి కంచం పక్కన పెట్టారు.

"సరుకు మంచిదేనయ్యా. తప్పు నాది. పాత రింగు తీయలేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నారన్నమాట" అంది భార్య. ఎవరూ నవ్వలేదు.

"నిన్ను అనకూడని మాట అన్నాను" అన్నారాయన, తల ఎత్తకుండా.

అల్లుడు కంచంలో వేళ్లు కదిపాడు. "నన్నన్నది సరే మామయ్యా. నేను కొట్టుకెళ్లి, మీ మాట నమ్మి, కొట్టాయన్ని అందరి ముందూ దొంగన్నాను. పిల్లలకి పాఠం చెప్పే నోటితో."

తను చేసిన అవమానం ఇంకొకరి గడప కూడా తొక్కిందని డ్రైవరుగారికి అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ అల్లుడి కారులో స్పేర్‌పార్టుల కొట్టుకు వెళ్లారు. అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు కొట్టతను. అల్లుణ్ణి చూడగానే ముఖం గంటు పెట్టుకున్నాడు. డ్రైవరుగారు ఉన్నదున్నట్టు చెప్పి, చేతులు జోడించారు.

కొట్టతను బల్ల తుడుస్తూనే అన్నాడు: "నిన్న ఈయన నన్ను దొంగన్నప్పుడు కొట్టు నిండా జనం ఉన్నారండీ. ఇప్పుడు మీరూ నేనూ తప్ప ఎవరున్నారు?"

అల్లుడు నోరు తెరవబోయాడు. డ్రైవరుగారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు. బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు.

లారీవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. వాళ్లలో ఇద్దరు డ్రైవరుగారి దగ్గర స్టీరింగు నేర్చుకున్నవాళ్లు. "గురువుగారూ, మీరిక్కడ?" అంటూ కాళ్లకు దండం పెట్టబోయారు. వాళ్లను చూసి ఆయనకు పారిపోదామనిపించింది. కానీ కొట్టు నిండేదాకా ఆగి, లేచి నిలబడ్డారు.

"నిన్న ఈ కొట్టు సరుకు నకిలీదన్న మాట నాది. బిగించడం నాకు చేతకాక అన్న మాట. ఈయన దొంగ కాదు."

ఇద్దరు శిష్యులూ నేల చూపులు చూశారు. కొట్టతను క్షమించానని అనలేదు. "ఎవరికేం కావాలో చెప్పండయ్యా" అంటూ బేరంలో పడ్డాడు.

బయటికొచ్చాక అల్లుడు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. డ్రైవరుగారు ఎక్కలేదు.

"నువ్వు పద. నేను నడిచొస్తాను."

అల్లుడు తలుపు మూసి, తాళం వేసి, ఆయన పక్కనే నడిచాడు.