పది సెకన్ల కాగితం

మా డాక్టరమ్మ తెల్లకోటు పైజేబులో పెన్ను ఉండేది కాదు. ఒక మూల విరిగిన ప్లాస్టిక్ స్కేలు ఉండేది. గుండె లయ తప్పే జబ్బుల్లో అంత పేరున్న మనిషి, కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుని, ఈసీజీ కాగితం బల్ల మీద పరిచి, బడిపిల్లలా గీతల మధ్య దూరం కొలుస్తూ కూర్చునేవారు. యంత్రం అచ్చుకొట్టే అంకెలను ఆవిడ నమ్మరు. మేమంతా చాటుగా స్కేలమ్మ అనేవాళ్ళం. ఆవిడకు తెలుసు. ఒకసారి ఫోనులో "నేనేనమ్మా, స్కేలమ్మని" అని నన్ను హడలగొట్టారు కూడా.

ఆవిడ దగ్గర నేను ఇరవై రెండేళ్ళు ఈసీజీలు తీశాను. పొద్దున రోగులు, మధ్యాహ్నం పరిశోధన. పరిశోధన అంటే అద్దాల గది అనుకునేరు! ఒకప్పుడు ఆసుపత్రి దుప్పట్లు దాచిన గది అది. తలుపుకు గడియ లేదు, కుర్చీ అడ్డం పెట్టేవాళ్ళం. ఆవిడ పేరు మోసిన పనంతా ఆ గదిలోనే జరిగింది.

గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధం కావడానికి రెప్పపాటు కాలం పడుతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ కాలం ఎక్కువ. అలాంటివాళ్ళు పరిగెడుతూనో ఈదుతూనో ఉన్నట్టుండి కుప్పకూలిపోవచ్చు. ఆవిడ అన్నయ్య ఇరవయ్యో ఏట ఆట మధ్యలో అలాగే పడిపోయి మరి లేవలేదట. ఆ సంగతి ఒక్కసారే చెప్పారు, నేను మళ్ళీ అడగలేదు.

అందుకే ఆటలాడే పిల్లలను పడిపోకముందే పట్టుకోవాలని ఆవిడ పంతం. చేతిసంచిలో పట్టే పాత యంత్రం ఒకటి మోసుకుని బడి బడికీ తిరిగాం. ఆరువందల మంది పిల్లల్లో పందొమ్మిది మందికి ఆ కాలం ఉండాల్సిన హద్దు దాటింది. ఇంతమంది ఉంటారని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. వ్యాసం అచ్చయింది, ఆవిడ పేరు మారుమోగింది.

ఆ పందొమ్మిది మందిలో ఒక ఈతపిల్ల ఉంది. పద్నాలుగేళ్ళు. జడ ఇంకా తడిగానే ఉంది. మేడమ్ ఆ పిల్ల నాన్నతో, "ఇక నీళ్ళలోకి దింపకండి" అన్నారు. ఆ పిల్ల ఏడవలేదు. జడ ముందుకు వేసుకుని, నా గది నేల మీదే నీళ్ళు పిండేసి వెళ్ళిపోయింది.

ఆర్నెల్లకోసారి వచ్చేది. పరీక్ష మాత్రం మొదట తీసిన యంత్రం మీదే తీయాలి. యంత్రం మారితే కొలత మారుతుందని మేడమ్ పెట్టిన నియమం అది. ఎంత జాగ్రత్తో చూడండి. మా కొంప ముంచింది ఆ జాగ్రత్తే.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం అన్నం తింటూ కాగితాల కొట్టువాణ్ణి తిడుతున్నాను. "వాడి దుంప తెగ! కాగితం చుట్టకి నలభై మంది రావాలి మేడమ్, ఆ చిన్న యంత్రంలో ముప్ఫై ఆరుమందికే అయిపోతోంది. కాగితం తక్కువ చుట్టి నా నెత్తిన రుద్దుతున్నాడు."

ఆవిడ చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. "ఎప్పట్నుంచి?"

"బడులకి వెళ్ళేముందు మోటారు మార్పించాం కదా, అప్పట్నుంచీను."

చెయ్యి కడుక్కోకుండానే లేచారు. గడియారం నన్ను చూడమన్నారు. సరిగ్గా పది సెకన్లు యంత్రం నడిపి కాగితం కొలిచారు. ఇరవై అయిదు సెంటీమీటర్లు రావాలి. ఇరవై ఏడున్నర వచ్చింది. కొత్త మోటారు కాగితాన్ని వేగంగా లాగుతోంది. కాగితం సాగితే గీతల మధ్య దూరమూ సాగుతుంది, ఆ కాలం ఉన్నదానికన్నా ఎక్కువని లెక్కకొస్తుంది. అన్నీ కొలిచిన మనిషి, కాగితం నడిచే వేగం ఒక్కటి కొలవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది.

పాత కాగితాలన్నీ సరిచేసి లెక్కేస్తే, పందొమ్మిది మందిలో పదహారు మంది మామూలు పిల్లలేనని తేలింది. వ్యాసం వెనక్కి తీసుకుంటానంటే విభాగం పెద్దాయన లబలబలాడారు. "ఎవరడిగారండీ మిమ్మల్ని? ఇన్నేళ్ళ పేరు మీ చేత్తో మీరే గంగలో కలుపుకుంటారా?"

"పేరు నాది, పోతే పోనివ్వండి. ఈత ఆ పిల్లది" అన్నారు మేడమ్. ఆ రాత్రే ఉత్తరం రాసేశారు. పదహారు ఇళ్ళకూ తనే ఫోన్ చేశారు.

ఈతపిల్ల తండ్రితో వచ్చింది. పదిహేడేళ్ళు నిండాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. వేరే యంత్రం మీద తీశాను. శుభ్రంగా ఉంది. మేడమ్ రెండు యంత్రాల పది సెకన్ల కాగితాలు పక్కపక్కన పెట్టి దాచకుండా అంతా చెప్పారు. తండ్రి అరవబోయాడు.

పిల్ల చెయ్యి చాచింది. మేడమ్ స్కేలు ఇచ్చారు. తనే కొలుచుకుంది.

"రెండున్నర సెంటీమీటర్లు. ఇంతేనా?"

"ఇంతే తల్లీ. తప్పు యంత్రానిది కాదు, నాది."

"అయితే ఇప్పుడు ఈదొచ్చా?"

"ఈదొచ్చు. అప్పుడు కూడా ఈదొచ్చు."

నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. పిల్ల స్కేలు తన సంచిలో వేసుకుని తండ్రి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. మేడమ్ అది తిరిగి అడగలేదు.

రిటైరయ్యేదాకా ఆవిడ ఆ జేబులో మరేదీ పెట్టుకోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి నా స్కేలు అడిగి తీసుకునేవారు. ప్రతి యంత్రం మీదా పది సెకన్ల కాగితం కొలిచి, తిరిగి నా చేతికిచ్చి, అప్పుడు మొదటి రోగిని పిలవమనేవారు.